వేసవంతా క్యాంప్‌గ్రౌండ్‌లో పని, అక్కడే కాపురం: సగం రిటైరైన దంపతులకు గిట్టుతుందా?

ముందే తీర్పు చెప్పేస్తాం. చేసిన ప్రతి గంటకూ డబ్బు కట్టి, సైట్ (బండి నిలుపుకుని ఉండే చోటు) అద్దె లెక్క విడిగా చూపించే చోటైతే ఈ ఏర్పాటు చాలా బాగుంటుంది. "సైట్ ఫ్రీ, కాస్త పని సాయం చేయండి చాలు" అని నోటిమాటతో పిలిచే చోటైతే వద్దు. అమెరికాలో వర్క్ క్యాంపింగ్ అనే పేరుతో నడుస్తున్న ఈ పద్ధతిలో మంచీ చెడూ దాదాపు అంతా ఈ ఒక్క తేడా దగ్గరే తేలిపోతుంది.

పద్ధతి ఇది. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాకా, అంటే సుమారు 14 వారాలు, మన ఆర్వీని (లోపలే కాపురం చేసుకునే బండిని) క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక సైట్‌లో నిలుపుకుంటాం. కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్ వాళ్లిస్తారు. మనం చెక్ ఇన్ చూడటం, సైట్లు శుభ్రం చేయడం, కట్టెలు అమ్మడం, బాత్రూములు కడగడం, గడ్డి కోయడం లాంటివి చేస్తాం.

ఈ పని ఇచ్చేవాళ్లు మూడు రకాలు. మొదటిది ప్రభుత్వ వాలంటీర్ హోస్ట్, అంటే జీతం లేకుండా క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే పని. నేషనల్ పార్కులు, ఫారెస్ట్ సర్వీస్, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ల ఖాళీలు వాలంటీర్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. జీతం ఉండదు, కానీ రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందంలో రాసిన పని చేస్తూ దెబ్బ తగిలితే ఫెడరల్ ఉద్యోగులకు వర్తించే పరిహార చట్టమే వాలంటీరుకూ వర్తిస్తుంది. దీని విలువ చాలామందికి తెలియదు. 250 గంటలు పూర్తిచేస్తే ఫెడరల్ పార్కుల ఏడాది పాస్ కూడా ఇస్తారు. 62 నిండినవాళ్లకు సీనియర్ పాస్ ఎటూ ఉంది కాబట్టి దాని కోసమే వెళ్లనక్కర్లేదు. రెండోది ఫారెస్ట్ సర్వీస్ నుంచి పర్మిట్ తీసుకుని క్యాంప్‌గ్రౌండ్లు నడిపే ప్రైవేటు కంపెనీలు. ఇక్కడ జీతం ఉంటుంది, పనీ గట్టిగానే ఉంటుంది. మూడోది పూర్తిగా ప్రైవేటు పార్కులు. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో మొదలైన కేఓఏ (క్యాంప్‌గ్రౌండ్స్ ఆఫ్ అమెరికా) లాంటి పెద్ద గొలుసులు, సొంత కుటుంబాలు నడుపుకునే చిన్న పార్కులు ఈ కోవలోకి వస్తాయి. షరతులు పార్కు పార్కుకీ మారేది ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు లెక్క. ఒక పార్కు సైట్‌కు బదులుగా ఇద్దరినీ వారానికి చెరో 20 గంటలు చేయమంది అనుకుందాం. నెలకు ఇద్దరిదీ కలిపి 172 గంటలు. ఆ సైట్ నెల అద్దె 800 డాలర్లయితే గంటకు 4.65 డాలర్లు పడినట్టు. అదే సైట్‌కు చెరో 10 గంటలే అడిగి, మిగతా గంటలకు జీతమిస్తే సైట్ కోసం చేసిన గంటకు 9.30 పడుతుంది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 దగ్గరే ఉంది. దాంతో పోల్చి చూసుకోండి. సైట్ విలువ చెప్పేటప్పుడు పార్కు వాళ్లు రోజువారీ రేటును 30తో గుణించి పెద్ద అంకె చూపిస్తారు. నెలకు తీసుకునేవాళ్లకు ఇచ్చే రేటు దానికంటే చాలా తక్కువ. లెక్కకు తీసుకోవాల్సింది నెల రేటే. ప్రకటనలో "20 గంటలు" అని మాత్రమే ఉంటే అది ఒక్కొక్కరికా, జంటకా అని కచ్చితంగా అడగండి. ఎక్కువ గొడవలు పుట్టేది ఈ ఒక్క మాట తేలకపోవడం వల్లే.

చట్టం మీద భరోసా పెట్టుకుందామా అంటే అదీ పూర్తిగా లేదు. ఏడాదిలో 7 నెలలకు మించి నడవని వినోద స్థలాలకు కొన్ని షరతులతో ఫెడరల్ కనీస వేతనం, ఓవర్‌టైమ్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంతకంటే గట్టిగా ఉంటాయి. అందుకే ఏ రాష్ట్రమో చూసుకున్నాకే సంతకం చేయాలి.

పన్ను సంగతి. పనిచేసే ఆవరణలోనే ఉండాలి, యజమాని అవసరం కోసం ఉండాలి, అక్కడ ఉండటం ఉద్యోగ షరతై ఉండాలి. ఈ మూడూ ఉంటే ఫెడరల్ పన్ను చట్టం సెక్షన్ 119 కింద ఇచ్చిన వసతి విలువ ఆదాయంలోకి రాదు. ఏ ఒక్కటి లేకపోయినా సైట్ విలువ కూడా జీతంలో కలుస్తుంది. మూడు షరతులూ వర్తిస్తాయన్న మాట ఒప్పంద పత్రంలో ఉండేలా చూసుకోండి. ఉద్యోగికి ఇచ్చే డబ్ల్యూ-2 కాకుండా, కాంట్రాక్టరుకు ఇచ్చే 1099 ఫారం ఇస్తామంటే జాగ్రత్త. అప్పుడు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను మీ నెత్తిన పడుతుంది, దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్ ఉండదు. షిఫ్టు వేళలు వాళ్లే నిర్ణయించి, పనిముట్లు వాళ్లే ఇచ్చే పనిని కాంట్రాక్టు పని అనడం సాధారణంగా నిలబడదు.

సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) ముందే మొదలుపెట్టినవాళ్లకు ఇంకో గీత ఉంది. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పూర్తి పెన్షన్ వచ్చే వయసు 67. అది నిండే ఏడాదికి ముందు, ఆ ఏటి పరిమితి (2025లో అది 23,400 డాలర్లు) దాటి సంపాదిస్తే, దాటిన ప్రతి 2 డాలర్లకు 1 డాలర్ చొప్పున ఆపుతారు. గంటకు 15 డాలర్లు, వారానికి 20 గంటలు, 14 వారాలంటే ఒక్కరికి 4,200 మాత్రమే. క్యాంప్‌గ్రౌండ్ జీతం ఒక్కటే ఆ గీత దాటించదు. కన్సల్టింగ్ ఆదాయం పక్కన ఉంటే మాత్రం రెండూ కలిపి చూసుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన మాట, మన ఇళ్లకు బాగా సంబంధించినది. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను ఈ పనిలో సాయానికి పెట్టవద్దు. జీతం లేకపోయినా, పనికి బదులుగా ఇచ్చే సైట్ కూడా ప్రతిఫలమే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు కూడా తమ యజమాని దగ్గర కాకుండా ఇక్కడ పని చేయకూడదు. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న దంపతులకే ఇది సరిపడే పని.

పని ఎలా ఉంటుందంటే, ఎక్కువ భాగం శుభ్రతే. బాత్రూము కడగడానికి ఒక వరస ఉంది. ముందు పైనుంచి సాలెగూళ్లు, తర్వాత టాయిలెట్లకూ సింకులకూ క్రిమిసంహారకం కొట్టి వదిలేయాలి. చాలా మందుల సీసాల మీద 10 నిమిషాలు తడిగా ఉంచమని రాసి ఉంటుంది. కొట్టిన వెంటనే తుడిచేస్తే మెరుస్తుంది గానీ క్రిములు చావవు. ఆ పది నిమిషాల్లో అద్దాలు తుడిచి, పేపరు, సబ్బు నింపి, అప్పుడు వచ్చి తుడవాలి. నేల ఆఖరున, లోపలి మూల నుంచి తలుపు వైపు. బ్లీచును అమోనియా ఉన్న మందుతో గానీ యాసిడ్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది. తలుపు మూసుకుని కడిగే చిన్న గదిలో అది ప్రాణాంతకం.

అడవిలో ఉండే నీళ్లు లేని టాయిలెట్‌కు వేరే సూత్రం. కప్పుకంటే ఎత్తుగా నల్లటి గొట్టం ఉంటుంది. ఎండకు అది వేడెక్కి గుంటలోని గాలిని పైకి లాగుతుంది, గదిలోని గాలి కిందికి దిగుతుంది. ఆ దిశ నిలిస్తే వాసన ఉండదు. గాలి ఆడాలని మంచి మనసుతో తలుపుకు రాయి అడ్డంపెట్టి తెరిచి ఉంచుతారు చూడండి, దాంతో గాలి దిశ తిరగబడి కంపు గదిలోకి వస్తుంది. వాసన మీద ఫిర్యాదు వస్తే మందు చల్లేముందు తలుపు, గొట్టం చూడండి.

క్యాంపర్లు ఖాళీ చేశాక సైట్ చూడటం పది నిమిషాల పని, కానీ పొయ్యి గుంట దగ్గర తొందర పనికిరాదు. పైన బూడిద తెల్లగా చల్లగా కనిపించినా అడుగున నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. నీళ్లు పోయాలి, పారతో తిప్పాలి, మళ్లీ పోయాలి, చెయ్యి వెనక వైపు దగ్గర పెట్టి వేడి లేదని తేలాకే ఎత్తాలి. అదీ ఇనుప బకెట్‌లోకే. ప్లాస్టిక్ సంచిలో వేసి చెత్తకుండీలో పడేస్తే కుండీ తగలబడుతుంది. తర్వాత కరెంటు స్తంభం బ్రేకర్ ఆపి ఉందా, మురుగు గొట్టం మూత బిగించి ఉందా చూసి, రిజర్వేషన్ చీటీ మార్చాలి.

హోస్ట్ సైట్ ఎక్కువగా ప్రవేశద్వారం పక్కనే ఉంటుంది. చాలా నేషనల్ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలు. ఆ వేళల్లో గొడవ చేసేవాళ్ల గురించి అందరూ తట్టేది మీ తలుపే. మీ పని మర్యాదగా ఒకసారి చెప్పడం, వినకపోతే రేంజర్‌కు కబురు పెట్టడం. అంతవరకే. తాగి ఉన్నవాళ్లతో వాదనకు దిగడం హోస్ట్ పని కాదు.

ఇక కాపురం. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీ, ఎలక్ట్రిక్ వాటర్ హీటర్ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టారా, బ్రేకర్ పడిపోతుంది. వంట వేళకు హీటర్‌ను గ్యాస్ మీదకు మార్చుకోవడం తేలికైన దారి. 50 ఆంపియర్లకు 12,000 వాట్లు వస్తాయి, ఈ తిప్పలు ఉండవు. అసలు ప్రమాదం బ్రేకర్ పడటం కాదు, వోల్టేజి తగ్గడం. జులై మధ్యాహ్నం పార్కంతా ఏసీలు వేసుకున్నప్పుడు పాత వైరింగ్ ఉన్న చోట వోల్టేజి పడిపోతుంది. కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. వోల్టేజి తగ్గితే తనంతట తాను ఆపేసే రక్షణ పరికరం తప్పనిసరిగా కొనండి. మెరుపుల నుంచి మాత్రమే కాపాడే చవక రకం ఇందుకు సరిపోదు. నీళ్ల ఒత్తిడిని 40 నుంచి 60 పీఎస్ఐ మధ్య ఉంచే రెగ్యులేటర్, తాగునీటి గొట్టం పెట్టాలి. తోటకు వాడే గొట్టం వద్దు.

బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరేది) విషయంలో ఎక్కువమంది చేసే తప్పు, సీజనంతా ఒకేచోట ఉంటాం కదా అని వాల్వు తెరిచి ఉంచేయడం. నీళ్లన్నీ జారిపోయి గట్టిది అడుగున పేరుకుని కుప్పగా బిగుసుకుంటుంది. వాల్వు మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారి వదలాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే (సింకు, స్నానం నీళ్లు చేరే ట్యాంకు), అప్పుడు సబ్బు నీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది. మన నీళ్లు వాడే అలవాటు ట్యాంకుకు మంచిదే, కాకపోతే త్వరగా నిండుతుంది. గ్రే ట్యాంకుకు శత్రువు మన నూనె. పచ్చడి, పోపు, వేపుడు నూనె చల్లారి గోడలకు పట్టి, పప్పు మెతుకులతో కలిసి కుళ్లుతుంది. పళ్లేలు కడిగేముందు పేపర్ టవల్‌తో తుడిచేయండి, సింకులో సన్నని జల్లెడ పెట్టండి.

ఎత్తు ప్రదేశాల్లో వంట గురించి ఎవరూ ముందుగా చెప్పరు. యెల్లోస్టోన్ సరస్సు దగ్గర ఎత్తు 7,733 అడుగులు. అక్కడ నీళ్లు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు చాలాసేపు ఉడికించినా పలుకుగానే ఉండిపోవచ్చు. ప్రెషర్ కుక్కర్ లేకుండా వెళ్లొద్దు, ఇంట్లో కంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. రాత్రుళ్లు చలి కాబట్టి దోసెల పిండి బయట పులవదు. ఇన్‌స్టంట్ పాట్‌లో యోగర్ట్ మోడ్ మీద పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ పనికిరాదు, 110-120 వోల్టులదే కావాలి. పోపు పెట్టేముందు పైకప్పు ఫ్యాను వేయండి. ఆర్వీలో పొగ అలారం పొయ్యికి బారెడు దూరంలోనే ఉంటుంది, ఎండుమిర్చి వేగగానే మోగుతుంది. దాని బ్యాటరీ తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

ఎలుగుబంట్లు ఉన్న పార్కుల్లో ఆరుబయట గిన్నె, పొయ్యి, కూలర్, చెత్తసంచి ఏదీ మనిషి లేకుండా ఉంచకూడదు. హోస్ట్‌గా మీరు అందరికీ చెప్పాల్సిన నియమం కూడా అదే.

65 దాటినవాళ్లలో ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు మెడికేర్ తీసుకునే ఏ డాక్టరైనా దేశమంతటా పనికొస్తారు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి నెట్‌వర్క్ పరిధి ఉంటుంది, అత్యవసరం కాని వైద్యం వేరే రాష్ట్రంలో కష్టమవుతుంది. 65 లోపువాళ్ల మార్కెట్‌ప్లేస్ ప్లాన్లకూ ఎక్కువగా ఇదే పరిస్థితి. బీపీ, షుగరు మందులు సీజన్‌కు సరిపడా ముందే సర్దుకోండి. ఫోన్ సిగ్నల్ సంగతి పార్కు ఆఫీసు దగ్గర కాదు, మీకిచ్చే సైట్ దగ్గర ఎలా ఉందో అడగండి. ఉపగ్రహ ఇంటర్నెట్ అనుకుంటే ఆకాశం కనిపించాలి, పెద్ద చెట్ల కింద అది తెగుతూ ఉంటుంది.

వెతుకులాట శరత్కాలంలో మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో ఖాళీగా మిగిలిన చోట్లు ఎందుకు మిగిలాయో కనుక్కున్నాకే ఒప్పుకోండి. సంతకానికి ముందు కాగితం మీద ఉండాల్సినవి ఇవి: ఒక్కొక్కరి గంటలు, సైట్‌కు పోగా జీతం వచ్చే గంటలు ఎన్ని, కరెంటు బిల్లు ఎవరిది, ఆర్వీ వయసు మీద షరతు ఉందా (పదేళ్లు దాటినవాటిని కొన్ని పార్కులు ఒప్పుకోవు), ఒకరికి జబ్బు చేస్తే రెండోవాళ్ల సైట్ నిలుస్తుందా, సీజన్ చివర ఇస్తామన్న బోనస్ ఏ తేదీ దాకా ఉంటే వస్తుంది, మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో సైట్ ఖాళీ చేయాలి. సెలవులు ఇద్దరికీ ఒకేరోజు వస్తాయా అన్నది చివరగా అడిగే ప్రశ్న అనుకుంటారు గానీ మా దృష్టిలో మొదటిదే. ఒకరికి మంగళవారం, ఇంకొకరికి శుక్రవారం సెలవిస్తే పార్కు పక్కనే మూడు నెలలున్నా కలిసి ఒక్క కొండా ఎక్కలేరు.