రామ్‌నగర్‌లో మోకాలి ఎమ్మారై: ఒక స్కానింగ్ కేంద్రంపై నా అభిప్రాయం

నడుస్తూ నడుస్తూ మోకాలు పట్టేసి, కాసేపు అటూ ఇటూ కదిపితేగాని చాపుకోలేని ఇబ్బంది ఉన్నవారు స్కానింగ్ కేంద్రంలో ముందుగా గమనించవలసింది, లోపలికి పంపేముందు సిబ్బంది ఏమేమి అడుగుతున్నారన్నది. ఆ విషయంలో రామ్‌నగర్‌లో నేను వెళ్లిన కేంద్రానికి మంచి మార్కులే వేస్తాను. నొప్పి లోపలివైపా బయటివైపా, కాలు పూర్తిగా చాపగలుగుతున్నానా, సింహాచలం మెట్లలాంటివి దిగేటప్పుడు మోకాలు పట్టు తప్పుతోందా అని టెక్నీషియన్ ఓపికగా అడిగి, ఎముకల డాక్టరు రాసిన చీటీతోపాటు ఆ వివరాలన్నీ స్కాన్ బొమ్మలు చూసి రిపోర్టు రాసే డాక్టరుకు (రేడియాలజిస్టుకు) పంపారు.

మొదట నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. పడుకోబెట్టి తీస్తే ఒంటి బరువు కీలు మీద పడదు కనుక ఎముకల మధ్య ఖాళీ బాగానే ఉన్నట్టు కనిపించి, జనం గుజ్జు అరిగిందనే ఆ అరుగుదల దాగిపోవచ్చు. అయితే ఎక్స్‌రేలో ఎముకలను కలిపి ఉంచే పట్టీలైన లిగమెంట్లుగాని మెనిస్కస్‌గాని కనిపించవు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ నెలవంక ఆకారంలో ఉండే మెత్తే మెనిస్కస్; అది చిరిగి, తెగిన అంచు కీలు మధ్యలోకి మడతపడినప్పుడు మోకాలు పట్టేస్తుంది. దానిని చూపగలిగేది, అయస్కాంతంతో ఒంటిలోపలి బొమ్మలు తీసే ఎమ్మారై. 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో, మోకాలి నుంచి సంకేతాలను అందుకునే ప్రత్యేకమైన కాయిల్ అమర్చి సుమారు అరగంటలో ముగించారు. చప్పుడు మాత్రం ఎక్కువే. ఇందులో ఎక్స్‌రేలోలాంటి రేడియేషన్ ఉండదు. కానీ అయస్కాంతం ఉంటుంది కనుక, గుండె లయను సరిచేసే పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి.

రిపోర్టులో లోపలి మెనిస్కస్ చిరుగు ఎక్కడుందో, తెగిన అంచు ఎటు జరిగిందో స్పష్టంగా రాశారు. నచ్చనిది ఒకటే: కౌంటరులోని వ్యక్తి కాగితం చేతికిస్తూనే ఆపరేషన్ తప్పదన్నారు. అది ఆయన చెప్పవలసిన మాట కాదు. 2008లో వెలువడిన అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో, 50 ఏళ్లు దాటి మెనిస్కస్ చిరుగు ఉన్నట్టు తేలినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పిగాని బిగుతుగాని లేవు. కనుక స్కాన్‌లో కనిపించిన చిరుగే బాధకు కారణమా అన్నది, డాక్టరు మోకాలిని చేత్తో మడిచి, తిప్పి చూసిన పరీక్షతో కలిపి తేల్చవలసిన విషయం.

స్కాన్ బొమ్మలున్న సీడీకి విడిగా డబ్బు తీసుకుంటారు. సర్జన్లు బొమ్మలను స్వయంగా చూడాలంటారు కాబట్టి బిల్లు కట్టేటప్పుడే దానిని అడగడం మంచిది.