రెండేళ్లుగా ‘కావడి’ మోస్తున్నా: వెయిటెడ్ యావరేజ్ లెక్కల్లో అలిగేషన్ వాడిన అనుభవం

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ కోసం కూర్చున్న రెండేళ్లలో పుస్తకాలు మార్చాను, యాప్‌లు మార్చాను. మార్చనిది నోట్‌బుక్‌లో గీసుకునే ఒక అడ్డగీత. రెండు గుంపుల సగటులూ, కలిపిన సగటూ తెలిస్తే ఆ గుంపులు ఏ పాళ్లలో ఉన్నాయో తేల్చే పద్ధతి ఇది. కోచింగ్ సెంటర్లలో దీన్ని అలిగేషన్ అంటారు, పాలూ నీళ్ల లెక్కల దగ్గర నేర్పిస్తారు. నేను కావడి అంటాను. రెండు కుండల్లో ఒకటి బరువుగా ఉంటే మోసేవాడు ఏం చేస్తాడు? బరువు కుండ తన భుజానికి దగ్గరగా ఉండేలా బద్దను సర్దుకుంటాడు. భుజం ఆనిన చోటే సగటు. ఈ బొమ్మ బుర్రలోకి ఎక్కితే పద్ధతి మొత్తం వచ్చేసినట్టే.

ఒక కాలేజీలో అబ్బాయిల్లో 60 శాతం, అమ్మాయిల్లో 80 శాతం పాసయ్యారనుకోండి. అందరినీ కలిపితే 68 శాతం. గీతకు ఒక చివర 60, ఇంకో చివర 80, మధ్యలో 68. ఇటు దూరం 8, అటు 12. దూరాలను తిరగేస్తే బరువులు వస్తాయి: అబ్బాయిలు 12 పాళ్లు, అమ్మాయిలు 8 పాళ్లు. అంటే 3:2, అమ్మాయిలు 40 శాతం. ఎక్స్, వై పెట్టి సమీకరణం రాసేలోపే పని అయిపోతుంది.

వేగంగా అవుతుందని అందరూ చెప్పేదే. దీని అసలు ఉపయోగం మాత్రం నాకు ఆర్నెల్లు దాటాకగానీ తెలియలేదు, అదీ ఒక లెక్క తప్పాక. అది డేటా సఫిషియన్సీ లెక్క, అంటే ఒక ప్రశ్న, రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చి జవాబుకు ఏవి సరిపోతాయో అడుగుతారు. ‘అమ్మాయిలు ఎంత శాతం?’ అన్నది ప్రశ్న. మొదటి స్టేట్‌మెంట్: మొత్తం పాస్ శాతం అబ్బాయిల శాతం కంటే 8 పాయింట్లు ఎక్కువ, అమ్మాయిల శాతం కంటే 12 పాయింట్లు తక్కువ. రెండోది: అబ్బాయిల్లో 60 శాతం పాసయ్యారు. అసలు అంకె ఒక్కటైనా తెలియకుండా ఎలా అనుకుని, రెండూ కలిస్తేనే చాలునని ‘సీ’ పెట్టేశాను. జవాబు ‘ఏ’, అంటే మొదటిది ఒక్కటే చాలు. గీత చివర్లలో 60, 80 ఉంటేనేం, 35, 55 ఉంటేనేం? దూరాలు అవే, పాళ్లూ అవే. రెండో స్టేట్‌మెంట్ నాకు ధైర్యం ఇచ్చిందే తప్ప లెక్కకు ఏమీ ఇవ్వలేదు. డేటా సఫిషియన్సీ మనల్ని పట్టుకునేది ఇక్కడే. జవాబు ఎంతో వాళ్లకు అక్కర్లేదు, ఇచ్చింది సరిపోతుందా లేదా అన్నదే కావాలి. ఏది తెలియకపోయినా ఫర్వాలేదో కావడి కళ్లకు కట్టి చూపిస్తుంది. ‘అమ్మాయిలు సగం కంటే ఎక్కువా?’ అని అడిగితే దూరాలు కూడా అక్కర్లేదు, మొత్తం సగటు ఏ కొసకు దగ్గరగా ఉందో తెలిస్తే చాలు.

అంతకుముందు మన రాష్ట్ర ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసినప్పుడు కూడా డేటా సఫిషియన్సీ ఉండేది. 200 ప్రశ్నల్లో 20 అవే. కానీ అక్కడ ఆప్షన్లు నాలుగే, నెగటివ్ మార్కులు లేవు, తోచింది పెట్టి ముందుకెళ్లిపోయేవాణ్ణి. జీమ్యాట్‌లో ఆప్షన్లు ఐదు. ‘రెండిట్లో ఏదైనా ఒక్కటే చాలు’ అనే ‘డీ’ దగ్గర మొదట్లో నాకు చాలాసార్లు దెబ్బ పడింది.

గీత చెప్పని సంగతులూ ఉన్నాయి. పాళ్లు దొరకగానే తలలు లెక్కపెట్టేసినట్టు అనిపిస్తుంది. 7:9 అని తేలితే మొత్తం 16 కావచ్చు, 32 కావచ్చు, 160 కావచ్చు. ఎంతమంది అని అడిగితే అది చాలదు. కానీ ఇంకో స్టేట్‌మెంట్‌లో ‘తరగతిలో 20 కంటే ఎక్కువ, 40 కంటే తక్కువ మంది ఉన్నారు’ అని ఉంటే కథ మారిపోతుంది. మనుషులు సగాలూ పావులూగా ఉండరు కాబట్టి 32 ఒక్కటే మిగులుతుంది. ఆ ‘కంటే ఎక్కువ’ వాక్యాన్ని పనికిరానిదిగా కొట్టిపారేసి నేను పోగొట్టుకున్న మార్కులకు లెక్కలేదు.

ఇంకో ఉచ్చు: రెండు గుంపుల సగటూ ఒకటే అయితే గీతే ఉండదు, చుక్క మిగులుతుంది. అప్పుడు ఎవరెంతమందో తెలియకుండానే మొత్తం సగటు చెప్పేయొచ్చు. పాళ్లు మాత్రం ఏం చేసినా దొరకవు. గుంపులు మూడైతే మామూలుగా కావడి పక్కన పెట్టేయడమే మంచిది. 60, 70, 80 సగటులున్న మూడు సెక్షన్లకు మొత్తం సగటు 70 వచ్చిందంటే మూడూ సమానంగా ఉండొచ్చు, నడిమిది ఎంత పెద్దదైనా కావచ్చు.

పద్ధతి మీద నా అసలు ఫిర్యాదు వేరే. కుండలో ఏముందో అది అడగదు. 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి అదే దారిలో 60 వేగంతో తిరిగొస్తే సగటు 48. దూరాలు సమానం కదా, 50 రావాలి కదా అని నేను పేజీ నిండా కొట్టివేతలు చేశాను. అక్కడ కుండల్లో ఉండేది కిలోమీటర్లు కాదు, గంటలు. గీత మీద 8, 12 తిరగేస్తే 3:2, అది ప్రయాణించిన సమయాల పాళ్లు. లాభం శాతాల లెక్కలో బరువు కొన్న ధర. పెరుగుదల శాతాల్లో బరువు పెరగక ముందున్న సంఖ్య. ఇది ఎవరూ నాకు ముందే చెప్పలేదు. నేను చేరిన కోచింగ్‌లో గీత గీయించి, గుణించి వదిలేశారు. ఇప్పుడు ప్రతి గీత కింద ‘ఎవరి తూకం?’ అని రెండు మాటలు రాసుకుంటాను. రెండు సెకన్లు పోతాయి, పోనీ.

ఐదుకు నాలుగు ఇస్తాను. శాతం అంటే ఏమిటో ఇంకా తడబడేవాళ్లు మాత్రం ముందు మామూలు పద్ధతిలో, ఊహించుకున్న 100 మందితో ఓ యాభై లెక్కలు చేశాకే దీని జోలికి రండి.

ఇప్పుడు మా బాబాయి కొడుకు తయారవుతున్నాడు. 2023 నవంబర్‌లో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో డేటా సఫిషియన్సీని లెక్కల విభాగమైన క్వాంట్‌ నుంచి తీసి డేటా ఇన్‌సైట్స్‌లో పెట్టారు. 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, తెర మీద కాలిక్యులేటర్ కూడా ఉంటుంది. వాడికి ఒక లెక్క ఇచ్చాను: మగవాళ్లు 10 శాతం, ఆడవాళ్లు 20 శాతం పెరిగారు, మొత్తం ఎంత శాతం పెరిగింది? స్టేట్‌మెంట్: ఈ ఏడాది ఇద్దరూ సమానం. వాడు టక్కున ‘చాలు’ అన్నాడు. పోయిన ఏడాది పాళ్లు 12:11 అని, జవాబు 15 కాదు, 14.8 దగ్గర్లో వస్తుందని నేను పాఠం మొదలుపెట్టాను.

“15 అయినా 14.8 అయినా చాలు అన్నది మారదు కదన్నయ్యా” అన్నాడు.

మారదు. క్వాంట్‌లో ఇదే లెక్క వచ్చినప్పుడు చూసుకుందాంలే అన్నాను.