బొలెరోకు టో బార్: నాలుగేండ్లు బోటు గుంజినంక

వాడింది ఛాసిస్‌కు బోల్టులతో బిగించే టో బార్, అంటే బండి వెనక ట్రాలీ తగిలించే ఇనుప బార్. రెండించుల చదరపు గొట్టం రిసీవర్, అందులకు దూర్చే నాలుక, దాని మీద 50 మి.మీ. ఇనుప గుండు, అదే బాల్. గుంజింది 14 అడుగుల ఫైబర్ బోటు, ఒక్క ఇరుసు ట్రాలీ. తిరిగింది హన్మకొండ నుంచి పాకాల, లక్నవరం చెరువులు, నీళ్లున్నప్పుడు ఏటూరునాగారం కాడ గోదావరి దాక. నాలుగు వానకాలాలు దాటినా బార్‌ల పగులు లేదు, వంపు లేదు. తిప్పలు పెట్టినవన్నీ దాని చుట్టున్నవే: ఎత్తు, ముక్కు బరువు (ట్రాలీ ముందు కొస బాల్ మీద మోపే భారం), వైరింగ్, బురద.

మన దగ్గర ట్రాలీ అనంగనే ట్రాక్టర్ పిన్నే యాదికొస్తది. వెల్డింగ్ షాపుల గూడ మొదలు అదే చేసిస్తమంటరు. ఒప్పుకోవద్దు. పిన్నుకూ రింగుకూ నడుమ ఖాళీ ఉంటది. ట్రాక్టర్ వేగానికి ఆ ఖాళీ లెక్కలకు రాదు. 50, 60 కి.మీ. మీద మాత్రం బ్రేకు తొక్కినప్పుడల్లా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ట్రాలీ ముందుకొచ్చి గుద్దుతది, మళ్ల వెనక్కి గుంజుతది. ములుగు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లకు కొదువ లేదు. ఆ దెబ్బలన్నీ ఛాసిస్ రంధ్రాల మీదనే పడతయి. బాల్ మీద మూత లెక్క కూసునే ట్రాలీ ముక్కు, అదే కప్లర్, దాంట్ల ఈ ఖాళీ ఉండదు.

బాల్ కొనేముందు ట్రాలీ కప్లర్ మీద పోతపోసిన అంకె చదవాలె. 50 మి.మీ., రెండించులు ఒకటే అని అంగట్ల అంటరు గానీ, రెండించులంటే 50.8 మి.మీ. రెండించుల కప్లర్‌ల 50 బాల్ పెడితే వదులైతది. 50 కప్లర్‌ను రెండించుల బాల్ మీదికి దింపితే పూర్తిగ కూసోదు, పైనుంచి చూస్తే తాళం పడ్డట్టే కనబడతది. గుంతల రోడ్డు మీద ఊడేది ఇట్లాంటిదే. మా బాల్ ఇప్పుడు 49.6 మి.మీ. ఉంది. 49కి వస్తే మార్చాలె. ఏడాదికోసారి వెర్నియర్‌తోని రెండు దిక్కుల కొలిస్తే చాలు, అరుగుడు ఎక్కువ ముందు వెనకనే ఉంటది.

ఇగ బలం లెక్క. బార్ ప్లేటు మీద డి విలువ, అంటే బార్ తట్టుకునే గుంజుడు బలం, కిలోన్యూటన్లల్ల రాసి ఉంటది. నిండు లోడుతో బండి 2.2 టన్నులు, ట్రాలీ 0.65 టన్ను అనుకుంటే, రెండింటి గుణకారాన్ని కూడికతో భాగించి 9.81తో హెచ్చవేస్తే 4.9 వస్తది. ప్లేటు మీది అంకె అంతకంటే మీద ఉండాలె. మా 650 కిలోలల్ల ట్రాలీ 220, బోటు 280, ఇంజను 45, పెట్రోలు 20, మిగిలింది లంగరు, తాళ్లు, జాకెట్లు, చిల్లర సామాను. ఈ చిల్లర బరువునే అందరూ మరుస్తరు. యూరప్ లెక్కల ట్రాలీకి సొంత బ్రేకు లేకుంటే 750 కిలోలు దాటొద్దు, ఖాళీ బండి బరువుల సగం గూడ దాటొద్దు. ఇక్కడ గూడ అదే పాటించుడు మంచిది.

బిగించుడు కాడ ఒక్క మాట గట్టిగ చెప్తున్న: ఛాసిస్‌కు వెల్డింగ్ చేయించొద్దు. వేడి తగిలిన గీత పక్కనే ఇనుము పెళుసైతది, ఏడాదో రెండేండ్లో అయినంక అక్కడనే పగులు పుడతది. గ్యాస్ కట్టర్‌తోని రంధ్రం గూడ పెట్టొద్దు. డ్రిల్లే వాడాలె: ముందు 5 మి.మీ., తర్వాత 13. రంధ్రం ఛాసిస్ పట్టీ నిలువు ముఖం నడుమ పడాలె. వంపు భారం మోసేది పై, కింది అంచులే గనుక వాటిని ముట్టొద్దు. డ్రిల్ పెట్టేముందు లోపలి దిక్కు బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైర్లు ఏడికెళ్లి పోతున్నయో చేత్తోని తడిమి చూడాలె. రంధ్రం అంచులకు జింకు ప్రైమర్ పూయాలె.

డబ్బా లెక్క మూసి ఉన్న ఛాసిస్ అయితే బోల్టు చుట్టూ లోపల గొట్టం ముక్క తప్పనిసరి. పొడవు సరిగ్గ డబ్బా లోపలి వెడల్పంత. అది లేకుండ బిగిస్తే రేకు లోపలికి సొట్టపోతది. ఆరోజు గట్టిగనే అనిపిస్తది, వారానికే వదులైతది. చాలా బార్లు కటకటలాడేది దీనికే, బోల్టుల తప్పు కాదు. బయట 8 మి.మీ. మందం ప్లేటు, 8.8 గ్రేడు ఎం12 (12 మి.మీ.) బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగుండి సులువుగ వదులు కానివి). అన్నీ చేత్తోని తిప్పి వరుస కుదిరినంకనే టార్క్ రెంచితోని దాదాపు 80 న్యూటన్ మీటర్ల దాక బిగించాలె. నట్టు మీదికెళ్లి ప్లేటు మీదికి తెల్ల పెయింట్ గీత గీస్తే, కదిలితే కంటికి కనబడతది. మొదటి 100 కి.మీ. తర్వాత మా ఆరు బోల్టులల్ల రెండు జరంత కదిలినయి. మళ్ల బిగించినంక ఇప్పటిదాక గీత తప్పలేదు.

బొలెరో వెనక ఎత్తు ఎక్కువ. నాలుక నేరుగ ఉంటే ట్రాలీ ముక్కు లేస్తది, భారం వెనక బోటు ఇంజను దిక్కు జారుతది, ట్రాలీ తోక ఊపుతది. కిందికి వంగిన నాలుక పెట్టి, ట్రాలీ మట్టంగ నిలబడేటట్టు చూసుకోవాలె. ముక్కు బరువు మొత్తంల 5 నుంచి 10 శాతం. మాకు 45 కిలోలు కుదిరింది, 25 ఉన్నప్పుడు 50 కి.మీ. వేగం మీదనే ఊగుడు మొదలైంది. కొలవడానికి వడ్లు తూచే కాంటా చాలు: దాని మీద బాల్ ఎత్తుకు సరిపడ కట్టె నిలబెట్టి కప్లర్‌ను దించాలె. తక్కువొస్తే బోటు ముందుకు జరపాలె, లేకుంటే యూ బోల్టులు విప్పి ఇరుసును వెనక్కి జరపాలె. ముందల సిమెంటు బస్తా పెట్టే అలవాటు వద్దు, అది ఇరుసు మీద ఊరికె భారం.

వైరింగ్‌కు ఏడు పిన్నుల సాకెట్. ఒకటోది పసుపు, ఎడమ ఇండికేటర్. మూడోది తెలుపు, ఎర్త్. నాలుగోది ఆకుపచ్చ, కుడి ఇండికేటర్. ఐదు గోధుమ రంగు, ఏడు నలుపు, కుడి ఎడమ వెనక లైట్లు. ఆరు ఎరుపు, బ్రేకు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ గూడ మినుకుమంటే ముందు ఎర్త్ చూడాలె, చాలాసార్లు అక్కడనే దొరుకుతది. ట్రాలీ ఎర్త్ బాల్ మీదికెళ్లి పోనియ్యొద్దు, వేరే వైరు వెయ్యాలె. టేపు చుట్టిన అతుకులు రెండో వానకాలానికే పచ్చగైనయి, టంకం పెట్టి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగినవి ఇప్పటికీ బాగున్నయి.

చెరువులల్ల చాలాచోట్ల ర్యాంపు ఉండదు, ఒడ్డు మట్టి మీదనే దించాలె. ముందు ట్రాలీ లైట్ల ప్లగ్గు పీకాలె, వేడి బల్బు నీళ్లు తగిలితే పగులుతది. పోంగనే దించొద్దు, చక్రాల హబ్బులు సల్లబడే దాక 20 నిమిషాలు ఆగాలె. వేడి హబ్బు చెరువుల మునిగితే లోపలి గాలి ముడుచుకొని నీళ్లు గుంజుకుంటది, బేరింగ్ పోయేది అట్లనే. నల్లరేగడి ఒడ్డుల వంగిన నాలుకే మొదలు నేలల దిగుతది, అట్లాంటి చోట బండి పైన గట్టి నేల మీద ఆపి, ట్రాలీని తాడుతోని దించుడే నయం.

బాల్‌కు గ్రీజు పల్చగ, ప్రతిసారి పాతది గుడ్డతోని తుడిచినంకనే. దుమ్ము కలిసిన గ్రీజు సానరాయి లెక్క తింటది. రెండు సేఫ్టీ చైన్లు కప్లర్ కింద అడ్డంగ దాటించి తగిలించాలె. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డు మీద పడకుండ, అడ్డంగ దాటిన ఆ చైన్లు ఒడి లెక్క పట్టుకుంటయి.

ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరే కావాలె, బార్ బిగించిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి ఇయ్యాలె. బోటు లేని రోజు నాలుక గుంజి బండిల పెట్టుకోవాలె. అది నంబర్ ప్లేటుకు అడ్డమొస్తది, వెనక నడిచేటోళ్ల మోకాలి కింద తగులుతది. గుంజినంక రిసీవర్ గొట్టానికి రబ్బరు మూత పెట్టకుంటే లోపల తుప్పు పొరలు కట్టి, నాలుక మళ్ల దూరదు. మాకు రెండో ఏడాది సుత్తె దెబ్బలతోని దూర్చాల్సొచ్చింది.