పోస్ట్‌గ్రే: మా మెయిల్ సర్వర్ తలుపు మీద 'రేపు రా'

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. ఇంట్లోవాళ్ళందరికీ సొంత డొమైన్ మీద మెయిల్ పెట్టి, చిన్న వీపీఎస్‌లో (అద్దెకు తీసుకున్న సర్వర్) పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ నేనే నడుపుతున్నా. నాన్న అడ్రస్ ఎక్కడ లీకైందో గానీ పొద్దున్నే ఫోన్ తీస్తే లోన్లు, లాటరీలు, ఏవేవో మందులు, వాటి మధ్యలోంచి కరెంటు బిల్లు వెతుక్కోవాలి, ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ డిలీట్ చేస్తుంటే చూడలేక, పోస్ట్‌ఫిక్స్‌కి తోడుగా స్పామ్‌ని తగ్గించే పోస్ట్‌గ్రే అనే ప్రోగ్రామ్ పెట్టా.

ఇది చేసేది ఒక్కటే. పంపే సర్వర్ ఐపీ (నెట్‌లో దాని నంబరు), పంపినవాళ్ళ అడ్రస్, అందుకునేవాళ్ళ అడ్రస్, ఈ మూడూ కలిపి మొదటిసారి కనిపిస్తే 450 కోడ్ (ఇప్పుడు కుదరదు అని) ఇచ్చి తర్వాత రమ్మంటుంది, మనం మార్చకపోతే కనీసం 300 సెకన్లు ఆగాలి. దీన్నే గ్రేలిస్టింగ్ అంటారు. సరైన మెయిల్ సర్వరైతే క్యూలో పెట్టుకుని మళ్ళీ వస్తుంది, స్పామ్ బాట్లు చాలావరకు రావు. ఒకప్పుడు ఇక్కడ తలుపుల మీద దెయ్యం వెళ్ళిపోవాలని కన్నడలో 'నాళె బా' అని, మన ఊళ్ళల్లో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు చూడండి, అట్లా అన్నమాట, కాకపోతే ఇక్కడ తిరిగొచ్చేది మంచివాళ్ళు.

నాకు బాగా నచ్చిందేంటంటే ఇది మెయిల్ లోపల ఏముందో చదవదు, కాబట్టి అమ్మ వాళ్ళ చెల్లెలు తెలుగులో రాసే పొడుగాటి మెయిల్స్‌ని అనుమానించే సమస్యే లేదు. మెయిల్ బాడీ రాకముందే ఆపేస్తుంది, అందుకే చిన్న సర్వర్‌కి కూడా బరువనిపించదు.

ఇబ్బంది ఓటీపీలతోనే. బావ ఒక సైట్‌లో లాగిన్ అవుతుంటే కోడ్ పది నిమిషాలే పనిచేస్తుందట, వాళ్ళ సర్వర్ మళ్ళీ వచ్చేసరికి అరగంట దాటింది, 'ఏంట్రా నీ మెయిలు' అని ఫోన్ చేశాడు, ఆయన తప్పేం లేదు. ఒకే సర్వర్ నుంచి 5 సార్లు సరిగ్గా వస్తే ఆ తర్వాత దాన్ని ఆపదు గానీ కొత్త సైట్‌కి ఈ ఆలస్యం తప్పదు. పెద్ద కంపెనీలు వేరే ఐపీ నుంచి మళ్ళీ పంపుతాయి, అది మళ్ళీ కొత్తదే అవుతుంది కదా అంటే, ఐపీలో మొదటి మూడు భాగాలే చూస్తుంది కాబట్టి కొంత నయం.

హ్యాక్ చేసిన అసలు అకౌంట్ల నుంచి వచ్చే స్పామ్‌ని మాత్రం ఇది ఆపలేదు, దానికి వేరే ఫిల్టర్ ఉండాల్సిందే. ఆర్‌స్పామ్‌డీ అనే స్పామ్ ఫిల్టర్ వాడేవాళ్ళకైతే అందులోనే గ్రేలిస్టింగ్ ఉంది, ఇది అక్కర్లేదు.

ఐదుకి నాలుగు స్టార్లు. బావ అడ్రస్ వైట్‌లిస్ట్‌లో (ఆపకుండా వదిలేసే జాబితా) పెట్టేశా, నాన్నది మాత్రం పెట్టను.