ఇంజను ఆపినా ఆరని లైట్లను ‘ఫీచర్’ అంటే నమ్మకండి

నెల్లూరు, ఒంగోలు వైపు పాత కారు కొనే ఆలోచనలో ఉన్నవారు కాస్త ఓపిక చేసుకుని ఇది చదవండి. నేను కొన్న కారులో ఇంజను మంచిదే, కాగితాలూ సక్రమంగానే ఉన్నాయి. నన్ను ముంచింది ఒక్క మాట.

ఆరేళ్ళు నడిచిన చిన్న పెట్రోలు కారు అది. నెల్లూరులో పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర వేసవిలో కొన్నాను. మిట్టమధ్యాహ్నం రమ్మన్నారు, వెళ్ళాను. ఏసీ చూశాను, టైర్లు చూశాను, బానెట్ ఎత్తి తెలిసినవాడిలా తల కూడా ఊపాను. లైట్లు వేసి చూపించారు. నెల్లూరు ఎండలో హెడ్‌లైటు వెలుగుతోందో లేదో తెలియాలంటే అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి చూడాలి. వెలుగుతున్నాయి, సరే అనుకున్నాను. ఆరుతున్నాయా అని చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

ఆ సాయంత్రమే ఒంగోలు బయలుదేరి, కావలి దగ్గర టీ కోసం ఆగాను. లైట్ల స్విచ్ కట్టేసి, ఇంజను ఆపి, తాళంచెవి తీసుకుని దిగాను. హెడ్‌లైట్లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి. మళ్ళీ లోపలికి వంగి చూశాను, స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. అమ్మినాయనకు ఫోను చేశాను.

“అది ఫీచర్ సార్. మీరు ఇంట్లోకి వెళ్ళేదాకా దారి కనబడాలని అలా పెడతారు. కాసేపటికి వాటంతట అవే ఆరిపోతాయి” అన్నారు. ఆయన మాట పూర్తవుతుండగా నేను తలుపు గట్టిగా వేశాను. లైట్లు టక్కున ఆరిపోయాయి. “ఆరాయండీ” అన్నాను. ఇద్దరం సంతోషించాం.

నిజానికి అలాంటి సౌకర్యం ఉన్న కార్లు చాలానే ఉన్నాయి. ఇంజను ఆపాక అర నిమిషమో, రెండు నిమిషాలో వెలిగి ఆరిపోతాయి. నాది ఆ మోడల్‌లో అన్నిటికన్నా చవక రకం, దానికి ఆ సౌకర్యం లేనే లేదు. ఈ సంగతి కారుతో వచ్చే పుస్తకం చూస్తే తెలిసేది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో లేదు. “తర్వాత పంపిస్తాను సార్” అన్నారు. ఇంకా వస్తూనే ఉంది.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు స్విచ్ కట్టగానే ఆరేవి, ఒకరోజు తలుపు వేస్తే ఆరేవి, ఒకరోజు తలుపు రెండుసార్లు వేయాల్సి వచ్చేది. మా ఆవిడ మొదటి వారమే అడిగింది: “ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే అది ఫీచర్ ఎలా అవుతుందండీ?” కార్ల సంగతి నీకేం తెలుసన్నట్టు ఒక చూపు చూశాను. ఆ చూపు ఖరీదు ఎంతో కింద చెబుతాను.

మా అత్తగారికి నెల్లూరు దగ్గరి జొన్నవాడ కామాక్షమ్మ మొక్కు ఉంది. అక్కడ రాత్రి నిద్ర చేయడం ఆనవాయితీ కాబట్టి చాపలు, దుప్పట్లు, సంచులు వేసుకుని వెళ్ళాం. చేరేసరికి రాత్రి ఎనిమిది. సామాను దించుకుని గుడివైపు నడుస్తూ ఒకసారి వెనక్కి చూశాను. లైట్లు వెలుగుతున్నాయి. అవే ఆరిపోతాయిలే అనుకున్నాను. కాసేపటికి మైకులో ఎవరో ఒక కారు నంబరు చదివి, లైట్లు వెలుగుతున్నాయి, వచ్చి ఆపుకోండి అని చెప్పారు. ఎవరో మతిమరుపు మనిషి అనుకున్నాను. కొత్తగా కొన్న కారు నంబరు నాకు ఇంకా నోటికి రాలేదు.

మేం గుడిలో నిద్ర చేశాం, కారు మాత్రం కళ్ళు మూయలేదు. పొద్దున తాళం తిప్పితే టిక్ అని ఒక్క చప్పుడు, అంతే. పక్కనే ఉన్న వ్యాను డ్రైవరు పుణ్యం కట్టుకున్నాడు. తన బ్యాటరీ నుంచి కేబుళ్ళు కలిపాడు. ఎర్రది ప్లస్‌కు ప్లస్, నల్లది తన మైనస్ నుంచి తెచ్చి చివర్న మా ఇంజను ఇనుముకు తగిలించాడు. బ్యాటరీ మైనస్‌కే పెట్టవచ్చు కదా అంటే, చివరి కొన తగిలేచోట నిప్పురవ్వ వస్తుందని, అది బ్యాటరీకి దూరంగా ఉండాలని చెప్పాడు. ఆ రోజు నాకు సరైన మాట చెప్పినవాడు అతనొక్కడే.

నెల్లూరులో బ్యాటరీ షాపుకు వెళ్తే మీటరు పెట్టి, బ్యాటరీ చచ్చిపోయిందన్నారు. కొత్తది 4,800 రూపాయలు. నిదానంగా ఒక పూట ఛార్జింగు పెట్టి చూస్తే పాతదే కోలుకునేదేమో. అది వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగో రోజుకు ఒంగోలులో మా ఇంటి ముందు కొత్త బ్యాటరీ కూడా పడుకుంది.

అప్పుడు వయసులో పెద్దవాడైన ఒక ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించాం. ఆయన మీటరు తీయనే లేదు. వేరే బ్యాటరీ తగిలించి లైట్లు ఒకసారి వేసి, స్విచ్ కట్టేశాడు. లైట్లు ఆరలేదు. బానెట్ ఎత్తి ఒక నల్ల డబ్బీ మీద వేలు పెట్టి, నన్నూ పెట్టి చూడమన్నాడు. గోరువెచ్చగా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో దాన్ని టకటకా కొట్టాడు, లైట్లు ఆరిపోయాయి. నా తలుపు చేసిన పనీ అదే. తలుపు అదురుకు ఆ డబ్బీ కదిలేది, నేను ఫీచర్ అనుకునేవాణ్ణి.

ఆ డబ్బీ పేరు రిలే. స్విచ్‌లో వెళ్ళే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే పరికరం. నాకన్నా ముందు ఎవరో వెలుతురు చాలలేదని 55 వాట్ల బల్బులు తీసేసి 100/90 వాట్లవి (దూరపు వెలుగుకు 100, దగ్గరి వెలుగుకు 90) పెట్టించారు. వాటికోసం బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా తీగ లాగి, మధ్యలో చవక రిలే బిగించారు. నేరుగా బ్యాటరీ నుంచి కాబట్టి తాళంతో దానికి సంబంధమే లేదు. చల్లగా ఉన్న ఫిలమెంటు వెలిగే తొలి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు రిలేలోని రెండు మొనలూ కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైమూత ఊడదీసి చూపించాడు, వెల్డింగు చేసినట్టు ఉంది.

లెక్క చూడండి. రెండు 90 వాట్ల బల్బులంటే 180 వాట్లు, 12 వోల్టుల మీద 15 ఆంపియర్లు. నా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇచ్చేది. రెండు గంటల పైచిలుకులో ఖాళీ. జొన్నవాడలో ఎనిమిదికి పెట్టిన కారు పదకొండు కొట్టకముందే ప్రాణం విడిచి ఉంటుంది.

ఇంకో సంగతి చూపించాక నాకు చెమట పట్టింది. ఆ తీగకు ఫ్యూజు లేదు. బల్బుల వెనుక ప్లాస్టిక్ హోల్డర్లు గోధుమరంగుకు మాడి ఉన్నాయి. ఎక్కడైనా తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆపే దిక్కు లేక అంటుకునేది. ఇందులోనే అత్తగారిని, పిల్లలను ఎక్కించుకుని తిరిగాను. రిలే, హోల్డర్లు, మామూలు బల్బులు, ఫ్యూజుతో వైరింగు అన్నీ కలిపి 2,600 అయింది. బ్యాటరీతో కలిపితే 7,400. ఇదీ ఆ చూపు ఖరీదు.

అమ్మినాయనను అడిగితే, “ఉన్నది ఉన్నట్టు తీసుకున్నానని సంతకం పెట్టారు కదా సార్” అన్నారు. ఫీచర్ అన్న మాట ఫోనులో అన్నది, రాతలో లేదు. మీరు మాత్రం ఏ సందేహమైనా వాట్సాప్‌లో రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా చేతిలో ఒక ఆధారం ఉంటుంది. నా దగ్గర కాలిన రిలే తప్ప ఏమీ లేదు.

కారు చూడటానికి చీకటి పడ్డాకే వెళ్ళండి. లైట్లన్నీ పావుగంట వేసి ఉంచి, ఆపి, తాళం వేసి, పది నిమిషాలు బయట నిలబడండి. తలుపు నెమ్మదిగా వేయండి. ముందు మాత్రమే కాదు, వెనక్కి కూడా వెళ్ళి చూడండి. బ్రేకు లైటు చాలా కార్లలో తాళంతో పనిలేకుండా వెలుగుతుంది. పెడల్ దగ్గర ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ పాతబడి విరిగిపోతే, కాలు తీసినా స్విచ్‌కు తెలియదు, రాత్రంతా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. ఆ బిళ్ళ ఖరీదు చాలా తక్కువ, దాని కోసం బ్యాటరీలు మార్చుకున్నవారు ఉన్నారు. డిక్కీలో దీపం సంగతి కూడా అంతే. తలుపు వేశాక అది కనబడదు కాబట్టి ఫోను వీడియో పెట్టి లోపల ఉంచి మూయండి.

బానెట్ ఎత్తినప్పుడు బ్యాటరీ ప్లస్ దగ్గర కంపెనీ తీగలు కాక నల్లటేపు చుట్టిన అదనపు తీగ ఏదైనా ఉంటే అది ఎక్కడికి వెళ్తోందో వేలితో వెంబడించండి. మీటరు ఉంటే మరీ మంచిది. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజను నడుస్తుంటే 14 దరిదాపుల్లో ఉండాలి. పొద్దున 12కు దిగిపోతే, లైటు కనబడకపోయినా ఏదో కరెంటు తాగుతోందని అర్థం.

వెలిగే ప్రతి లైటూ మోసం కాదు, అది కూడా చెప్పాలి. వోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో ఇంజను ఆపాక ఇండికేటర్ పుల్ల ఒకవైపు తోసి ఉంటే ఆ వైపు పార్కింగు దీపాలు వెలుగుతాయి. అది కావాలని పెట్టిందే, పుస్తకంలోనూ ఉంటుంది. అందుకే పుస్తకం చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. పగలే రండి, సాయంత్రం కుదరదు అని పట్టుబట్టే అమ్మకందారు ఎదురైతే, ఆ కారును ఇంకెవరికైనా వదిలేయండి.