స్విఫ్ట్ పెట్రోలా, డీజిలా? బెజవాడ–గుంటూరు రోడ్డుకు ఏది మేలు?

2018–2020 మధ్య వచ్చిన స్విఫ్ట్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకుంటే రెండు ఇంజన్లు దొరుకుతాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య రూల్స్ రావడంతో మారుతి డీజిల్ ఆపేసింది కాబట్టి, కొత్త బండి కొనేవాళ్లకు ఈ తలనొప్పి లేదు.

పెట్రోల్ 1.2 లీటర్ల ఇంజన్. 6,000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 83 పీఎస్ పవర్, 4,200 దగ్గర 113 ఎన్ఎం టార్క్. డీజిల్ 1.3 లీటర్లది. 4,000 దగ్గర 75 పీఎస్, 2,000 దగ్గర 190 ఎన్ఎం. పవర్ చూసేవాళ్లు పెట్రోల్ అంటారు, టార్క్ చూసేవాళ్లు డీజిల్ అంటారు. ఆ అంకెల పక్కనే ఉన్న ఆర్పీఎంను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

టార్క్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసును తిప్పే బలం. ఆ బలంతో నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో కలిపి లెక్కేస్తే పవర్. ఎన్ఎంలో ఉన్న టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వచ్చేస్తుంది. 2,000 ఆర్పీఎం దగ్గర డీజిల్‌కు లెక్క కడితే 54 పీఎస్. పెట్రోల్ తన 113 ఎన్ఎం మొత్తం అక్కడే ఇచ్చిందనుకున్నా 32 దాటదు, నిజానికి అంత కూడా ఇవ్వదు. కాగితం మీద 8 పీఎస్ ఎక్కువున్న బండి ఇక్కడ 20కి పైగా వెనకబడింది.

మరి పెట్రోల్‌కు 83 ఎక్కడ నుంచి వచ్చాయి? పరుగు నుంచి. 6,000 దగ్గర దాని టార్క్ 97కి పడిపోతుంది. ఆ వేగంలో పిస్టన్ ఒకసారి కిందికి దిగడానికి పట్టేది సెకనులో 200వ వంతు. అంతలో సిలిండర్ నిండా గాలి చేరదు, పైగా రాపిడి పెరుగుతుంది. అయినా టార్క్ తగ్గినదానికంటే చుట్లు ఎక్కువ పెరిగాయి కాబట్టి పవర్ పైకే పోతుంది. డీజిల్‌లో భాగాలు బరువు, ఇంధనం మండే తీరు కూడా నిదానం. అందుకే 4,000 దాటాక ఎంత తొక్కినా మోతే గానీ లాగుడు ఉండదు.

ఇంతవరకు చదివితే ఊళ్లో తిరగడానికి డీజిలే బెస్ట్ అనిపిస్తుంది. కానీ ఆ 190 ఎన్ఎం టర్బో పుణ్యం, అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే ఫ్యాను లాంటిది. టర్బో తిరగడానికి ఎగ్జాస్ట్ (ఇంజన్ వదిలే పొగ) వేగం కావాలి, అది 1,800 దాటితే గానీ సరిగ్గా అందదు. సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర, బందరు రోడ్డు మీద బండి నడిచేదే ఆ లోపు. ఫస్టు, సెకండు, క్లచ్, మళ్లీ ఫస్టు. సందు దొరికింది కదా అని తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఈలోపు ఆ సందులో ఆటో దూరిపోయి ఉంటుంది. అక్కడ పెట్రోల్ హాయి.

కృష్ణ మీది వారధి దాటి గుంటూరు వైపు ఎక్కాక కథ మారుతుంది. ఐదుగురు, ఏసీ, డిక్కీలో సామాను. కాజ టోల్ దాటాక ఫోర్త్ గేర్లోనే లారీని దాటాలంటే డీజిల్ ఊరికే అలా లాక్కుపోతుంది. పెట్రోల్ వల్ల కాదా అంటే అవుతుంది. థర్డ్‌లోకి దించి 4,500 తిప్పితే దగ్గర దగ్గర 70 పీఎస్ ఇస్తుంది, అంటే ఫోర్త్‌లో బద్ధకంగా పోతున్న డీజిల్ కంటే ఎక్కువే. చక్రానికి చేరే బలాన్ని కింది గేర్ పెంచుతుంది కదా. చిక్కేమిటంటే మనవాళ్లలో చాలామంది మైలేజ్ పోతుందనో, ఇంజన్ అరుస్తోందనో గేర్ దించరు. ఫోర్త్‌లోనే నేలకు తొక్కిపెట్టి ‘పెట్రోల్ బండిలో దమ్ము లేదు’ అంటారు. కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడూ ఇదే తంతు.

కాబట్టి ఊళ్లోనే తిరిగేవాళ్లూ, గేర్ మార్చడానికి బద్ధకించనివాళ్లూ పెట్రోల్ తీసుకోవచ్చు. రోజూ నిండు బండితో గుంటూరు పోయొచ్చేవాళ్లకు నా ఓటు డీజిల్‌కే, టర్బో బాగున్నంత వరకు. దాన్ని వీధి చివరి దాకా నడిపి తేల్చలేం. ఆటోనగర్ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని హైవే ఎక్కండి. థర్డ్ గేర్లో 1,500 నుంచి పూర్తిగా తొక్కండి. 2,000 దాటినా ఆ తోపు రాకపోయినా, వెనక నల్లపొగ దట్టంగా వచ్చినా బేరం అక్కడే ఆపేయండి.