కోహినూర్, హోప్ వజ్రం: ఏది ఎక్కువ వింత?

రెండూ పల్నాడులోని కొల్లూరు గనివే అంటారు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మనవాళ్ల నోట ఎప్పుడూ నానేది కోహినూరే. కానీ వింతల్లో నా ఓటు హోప్ వజ్రానికే.

కోహినూర్‌ను 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే, చూసినవాళ్లు 'ఇంతేనా!' అని పెదవి విరిచారట. గ్యాస్ దీపాలు, అద్దాలు పెట్టినా లాభం లేకపోయింది. మరుసటి ఏడాది మళ్లీ సాన పట్టించారు. 186 క్యారెట్ల రాయి 105కి దిగింది. మెరుపు కోసం దాదాపు సగం పోగొట్టుకోవడమంటే నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక హోప్ సంగతి. నీలం రంగు, 45.52 క్యారెట్లు. టావెర్నియే అనే వర్తకుడు ఇక్కడి నుంచి పట్టుకెళ్లి ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మిన పెద్ద రాయిలోంచి కోసిందే ఇది. 1792లో ఫ్రెంచి విప్లవం గందరగోళంలో దొంగలు ఎత్తుకుపోయారు. చివరికి న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ చేతికొచ్చింది. 1958లో ఆయన దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి దానమిచ్చాడు. ఎలా పంపాడనుకున్నారు? గోధుమ రంగు కాగితం చుట్టి, రిజిస్టర్డ్ పోస్టులో! ఖర్చు 145.29 డాలర్లు. అందులో స్టాంపులకు 2.44 డాలర్లే, మిగతాదంతా బీమా. ఆ కాగితాన్నీ దాచి ఉంచారు.

పైగా అతినీలలోహిత కాంతి చూపించి ఆర్పేస్తే, ఈ నీలి రాయి చీకట్లో కాసేపు నిప్పుకణంలా ఎర్రగా వెలుగుతుంది.

చూడాలంటే కూడా హోపే నయం. కోహినూర్ ఉన్న లండన్ టవర్‌కు టికెట్ కొనాలి, స్మిత్సోనియన్‌లో ప్రవేశం ఉచితం.